ఒక సెకను వేడి

మా ఆఫీసులో నన్ను ‘లెక్కల మాస్టారు’ అని మొదట పిలిచింది మా మేనేజరు. రేవులో బొగ్గు యార్డు వాళ్ళ మీటింగు గదిలో, పదిమంది ముందు పిలిచాడు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టి మరీ తీరిగ్గా నవ్విన పెద్దమనిషి కూడా గుర్తున్నాడు. ఇప్పటికీ ఆ సంగతి ఎత్తితే “ఇంకా మనసులో పెట్టుకున్నావా” అంటారు. పెట్టుకున్నాను. తెచ్చి పడేసింది వాళ్ళు. ఎత్తి అవతల పారేసే పని కూడా నాదేనా?

నేను ఎలక్ట్రికల్ డిజైను చేస్తాను. పెద్ద మోటార్లకూ ట్రాన్స్‌ఫార్మర్లకూ కరెంటు తీసుకెళ్ళే కేబులు ఎంత లావుండాలో తేల్చడం అందులో సగం పని. మద్దిలపాలెంలో బస్ డిపో దగ్గర, ఒక బట్టల షాపు మీద మా ఆఫీసు. కింద డిస్కౌంట్ల గురించి మైకు అరుస్తూ ఉంటుంది, పైన మేము లెక్కలు వేస్తూ ఉంటాం. మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చినవాడు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే పెరిగాను, అయినా ఇక్కడివాళ్ళకు గోదారోణ్ణే. అటు చుట్టాల పెళ్ళికి వెళ్తే వైజాగువాణ్ణి. అది వేరే గొడవ.

కేబులు లావు తేల్చేటప్పుడు రెండు సంగతులు చూడాలి. మొదటిది అందరూ చూస్తారు. మోటారు రోజూ లాగే కరెంటును ఈ కేబులు వేడెక్కకుండా మోయగలదా అని. రెండోది చాలామంది చూడరు. ఎక్కడో షార్టు అయినప్పుడు, బ్రేకరు పడి కరెంటు ఆగేదాకా, మామూలుకి ఎన్నో రెట్ల కరెంటు అదే కేబులు గుండా పరిగెడుతుంది. ఆ కాస్త సేపట్లో పుట్టిన వేడి బయటికి పోవడానికి వ్యవధి ఉండదు. అంతా లోపలి అల్యూమినియంలోనే ఉండిపోతుంది. అల్యూమినియం సన్నగా ఉంటే దాన్ని చుట్టుకుని ఉన్న ప్లాస్టిక్ పొర ఉడికిపోతుంది. బ్రేకరు ఎంత ఆలస్యంగా పడితే అంత వేడి. ఐదింతలు ఆలస్యమైతే ఐదింతల వేడి. పలచటి గిన్నెను పొయ్యి మీద పెట్టి ఎంతసేపు మరిచిపోయారు అన్నట్టే ఉంటుంది ఈ లెక్క. నిజానికి ఇందులో అంతకు మించి ఏమీ లేదు.

ఆ బొగ్గు యార్డులో ఎంతసేపు మరిచిపోతారో నాకు తెలుసు. బెల్టు మీద తడి బొగ్గు ఉండగా మోటారు స్టార్టు చేస్తే ఒక్కసారిగా కరెంటు ఎక్కువ లాగుతుంది. దాన్ని షార్టు అనుకుని పైనున్న బ్రేకరు పడిపోయేది. ఓడ కట్టి ఉంటుంది, బెల్టు ఆగిపోతుంది, ఫోన్ల మీద ఫోన్లు. విసిగిపోయి యార్డు వాళ్ళు బ్రేకరును పడగొట్టే రిలేలో టైము పెంచేశారు. మొదట సెకనులో ఐదో వంతు ఉండేది, పెంచుకుంటూ పోయి ఒక సెకను చేశారు. బెల్టు ఆగడం మానేసింది, అందరూ సుఖపడ్డారు. ఆ మిగతా సేపంతా వేడి ఎవరు మోస్తారు అని ఎవరికీ తోచలేదు.

ఆ యార్డులో కొత్త బెల్టు పెడుతున్నప్పుడు దానికి కేబులు లెక్క నాకు ఇచ్చారు. ఒక సెకనుకు వేస్తే రెండు వందల నలభై సైజు వచ్చింది. సైజంటే లోపలి లోహం కొలత, చదరపు మిల్లీమీటర్లలో. మేనేజరు ఆ లెక్క చూడలేదు. యార్డులో ఏ డ్రమ్ము పడి ఉందో అడిగాడు.

మా దగ్గర పద్ధతి అది. పాత పనుల్లో మిగిలిన కేబులు డ్రమ్ములు యార్డు మూల ఎండలో, బొగ్గు దుమ్ము కింద పడుంటాయి. కొత్త పని రాగానే ముందు అక్కడికి ఒక మనిషిని పంపుతారు. ఉన్న డ్రమ్మును బట్టి సైజు తేలుతుంది. అది సరిపోతుంది అని చెప్పే లెక్క ఆ తర్వాత తయారవుతుంది. దాన్ని తయారు చెయ్యడానికి నన్ను జీతమిచ్చి పెట్టుకున్నారు.

“నూట ఇరవై సైజు డ్రమ్ములు రెండున్నాయి యార్డులో. దానికి చెయ్యండి,” అన్నాడు మేనేజరు.

“చేస్తే చాలదని వస్తుంది సార్.”

“లోడెంత? ఆ కేబులు మోసేదాంట్లో సగం కూడా ఉండదు. నూట ఇరవై చల్లగా కూర్చుంటుంది.”

“లోడుకి చాలు సార్, షార్టుకి చాలదు. అక్కడ రిలే ఒక సెకను మీద ఉంది.”

“ఒక సెకనేంటండీ! ఎవరైనా పాయింట్ టూ వేస్తారు.”

“ఎవరైనా ఏం వేస్తారో కాదు సార్. ఆ బ్రేకరు ఎంతసేపటికి పడుతుందో అది వెయ్యాలి. పాయింట్ టూ వెయ్యమంటే ముందు రిలేలో పాయింట్ టూ చేయించండి.”

“చేయిస్తే బెల్టు ఆగుతుంది. ఆగితే వాళ్ళు తిట్టేది మిమ్మల్నా, నన్నా?”

కుర్చీ దగ్గరికి లాక్కుని నా కీబోర్డు తన వైపు తిప్పుకున్నాడు. సాఫ్ట్‌వేరు రుషికొండ వైపు ఏదో కంపెనీ తయారు చేసింది, చాలకపోతే ఎరుపు, చాలితే ఆకుపచ్చ చూపిస్తుంది. సెకన్ల గడిలో ఒకటి తీసేసి పాయింట్ టూ కొట్టాడు. ఎరుపు పోయి పచ్చగా అయింది.

“పాసైపోయింది చూడండి మాస్టారూ.”

నేను సంతకం పెట్టనన్నాను.

“మీ సంతకం ఎవరడిగారండీ?” అని తన సంతకం పెట్టుకున్నాడు.

ఆ కేబులుకు ఒక చోట జాయింటు పడింది. ఒక డ్రమ్ము పొడవు చాలక రెండో డ్రమ్ములోంచి ముక్క కలపాల్సి వచ్చింది. జాయింటు వేసిన జాయింటరు నాకు బాగా తెలిసినవాడు. విజయనగరం వైపు పల్లె, సేద్యం చేసే ఇల్లు. పొలం అన్నదమ్ములకు వదిలి ఇటొచ్చేశాడు. గోపాలపట్నంలో మా వీధికి అవతల వీధి. ఒకే వయసువాళ్ళం, ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. బస్సులో నేను ‘బావ’, గేటు దాటితే ‘సార్’. అతను అట్లా మార్చుకుంటే నాకెప్పుడూ తప్పనిపించలేదు. కనీసం దాచి చేసింది కాదు.

కాంట్రాక్టు పనివాడికి రేవులో గేట్ పాసే బతుకు. మా మేనేజరు లాంటివాళ్ళు చెప్పి యార్డు వాళ్ళచేత రాయిస్తే పాసు వస్తుంది, వద్దంటే పోతుంది. ఒకచోట తప్పు పని చేశాడని పోతే ఇంకో యార్డు వాళ్ళు కూడా ఎందుకు పోయిందని అడుగుతారు. అతనికి వచ్చిన పని పెద్ద కేబుళ్ళ జాయింట్లు. ఆ పని గేటు లోపలే ఉంది.

జాయింటు వేసిన సాయంత్రం బస్సులో నా పక్కన కూర్చున్నాడు.

“ఏటి బావా, మొకం అలగెట్టినావు? మళ్ళీ మాస్టారన్నాడేటి?”

“కేబులు సన్నం. ఎప్పుడో ఉడికిపోతుంది. నీ జాయింటు ఎంత బాగుంటే ఏం లాభం?”

“కేబులు నీది, జాయింటు నాది. నాది నాను బాగా సేసినాను. నీది నువ్వు సూసుకో.”

“నాది కాదు, మా మేనేజరుది.”

“మీ గోదారోళ్ళింతే బావా. పెళ్ళిభోజనం ఎట్టినా ఉప్పు సూసి గానీ కూకోరు.”

నవ్వాడు. నేను నవ్వలేదు.

వానలు మొదలయ్యాయి. రేవులో ధాన్యం, ఎరువులు దిగే చోట పందికొక్కులకు కొదవ లేదు. అందులో ఒకటి బెల్టు చివరి ప్యానెల్లో దూరింది. పెద్ద చప్పుడు, పొగ. బ్రేకరు పడింది, తన ఒక సెకను తను తీసుకుని మరీ పడింది. ప్యానెలు శుభ్రం చేశారు, మాడిపోయిన పందికొక్కును కర్రకు వేలాడదీసి ఫోటోలు తీసుకున్నారు. మళ్ళీ కరెంటిచ్చారు. కేబులు సంగతి చూద్దామని నేనంటే, “పందికొక్కు ప్యానెల్లో దూరింది మాస్టారూ, కేబుల్లో కాదు,” అన్నాడు మేనేజరు.

కొన్నాళ్ళకు, ఏ షార్టూ లేకుండా, బెల్టు మామూలుగా నడుస్తూ ఉండగా కేబులు జాయింటు దగ్గర పేలింది. తవ్వి చూశారు. కాలింది జాయింటు కాబట్టి తప్పు జాయింటుది, జాయింటుది కాబట్టి జాయింటరుది. విచారణ అంతే. మర్నాడు గేటు దగ్గర అతని పాసు తీసేసుకున్నారు.

సాయంత్రం మా ఇంటికి వచ్చాడు.

“నా జాయింటు అలగ పోదు బావా. నీకు తెల్దేటి?”

“తెలుసు. కేబులంతా ఉడికి ఉంటుంది. జాయింటు దగ్గర బలహీనం కాబట్టి అక్కడ ముందు బయటపడింది.”

“మరా మాట ఆళ్ళకి సెప్పు.”

చెప్పాను. జాయింటుకు బాగా దూరంగా కేబులు కోసి చూడమని పట్టుబట్టాను. యార్డు ఎలక్ట్రికల్ ఇన్‌ఛార్జి నా పోరు పడలేక, నన్ను వదిలించుకోవడానికి ఒప్పుకున్నాడు. కోయించాను. అక్కడ ఎవరూ ఏ జాయింటూ వెయ్యలేదు, ఎవరి చెయ్యీ పడలేదు. అయినా పొర గోధుమరంగు తిరిగి, ఉడికిన చామదుంప తొక్కలాగా అల్యూమినియం మీంచి చేతికి ఊడి వచ్చింది.

అతను గేటు బయట నిలబడి ఉన్నాడు, లోపలికి రానివ్వరు గదా. ఫోన్లో ఫోటో చూపించాను.

“ఇంకేటి బావా! ఇది సూపిత్తే సాలు గదా?”

“చాలు,” అన్నాను. అప్పుడు నిజంగానే చాలనుకున్నాను.

మీటింగుకు యార్డు పెద్దసారు వచ్చాడు. మా మేనేజరు, ఇన్‌ఛార్జి ఆయనకు అటూ ఇటూ కూర్చున్నారు. నాకు చివర కుర్చీ. జాయింటరును పిలిపించారు కానీ కుర్చీ వెయ్యలేదు, తలుపు దగ్గర నిలబెట్టారు. నేను కోసిన ముక్కను న్యూస్‌పేపరు మీద పెట్టి బల్ల మధ్యకు జరిపాను.

“ఇదేంటి?” అన్నాడు పెద్దసారు.

నేను నోరు తెరిచేలోపు మా మేనేజరు అందుకున్నాడు. “మా మాస్టారు లెక్క చివర్లో విందాం సార్, అది కాస్త పెద్దది. ముందు జాయింటు వేసినతన్ని అడగండి.”

పెద్దసారు తలుపు వైపు తిరిగాడు. జాయింటరు నా వైపు చూడలేదు.

“ఆ రోజు గాలీ వానా సార్. లోపలికి తేమ ఎల్లుంటాది. తప్పు నాదే సార్.”

“ఇంకోసారి జాగ్రత్త,” అన్నాడు పెద్దసారు.

గదిలో అందరికీ ఊపిరి తిరిగింది. సమోసాలు వచ్చాయి. పళ్ళేనికి చోటు కావాలని ఎవరో నా కేబులు ముక్కను న్యూస్‌పేపరుతో సహా ఎత్తి బల్ల కింద పెట్టారు. నా లెక్క పెద్దది కదా, సమోసాలు చల్లారిపోతాయని ఇక ఎవరూ అడగలేదు.

బయట పట్టుకున్నాను అతన్ని.

“ఎందుకలా చెప్పావు?”

“నిన్న మీ మేనేజరూ ఆ ఇన్‌ఛార్జీ ఇంటికొచ్చినారు. తేమని ఒప్పీసుకుంటే పాసిచ్చేత్తాం, కొత్త కేబులు జాయింట్లు నీకే అన్నారు.”

“కేబులు ఉడికిందని నీ కళ్ళతో చూశావు.”

“సూసినాను. నువ్వు గెలిత్తే మీ మేనేజరు ఓడిపోతాడు. ఆడు ఓడిపోతే నాకు పాసెవుడిత్తాడు బావా? నా జాయింటు మంచిదని నాకు తెల్సు, నీకు తెల్సు. సాల్దేటి?”

“చాలదు.”

“నీకు సాల్దు. నీకు నెల తిరిగితే జీతం పడతాది.”

ఆ మాట కూడా నేను మరిచిపోలేదు. అతనికి పాసు తిరిగొచ్చింది. ఆ మర్నాటి నుంచి బస్సు వస్తే అతను వెనక ఎక్కాడు, నేను ముందు ఎక్కాను.

కాలిన కేబులు తీసేసి కొత్తది వేశారు. ఎంత సైజు వేశారో చెప్పనక్కర్లేదు. రెండు వందల నలభై. నేను చెప్పింది చెప్పినట్టు. డ్రమ్ములు కొత్తవి తెప్పించారు. దానికి మా మేనేజరు చెప్పిన కారణం ‘ముందు ముందు లోడు పెరుగుతుంది’ అని. నేను మీటింగులో లేచి అడిగాను.

“ఏ లోడు సార్? ఏ మోటారు వస్తోంది?”

“ముందు ముందు వచ్చేది ఇప్పుడే ఎలా తెలుస్తుంది మాస్టారూ? జాతకం చెప్పించాలి.”

మళ్ళీ నవ్వారు. ఆ నవ్వు కూడా పాత నవ్వుల పక్కన చేరింది. నా సైజు భూమిలో ఉంది, నా కారణం బల్ల కింద ఉంది. రిలే మాత్రం ఒక సెకను మీదే ఉండిపోయింది. దాన్ని తగ్గించినా కారణం చెప్పాల్సి వస్తుంది గదా.

కారణం చెప్పకపోతే ఏమవుతుందో తర్వాత చూశాం. రెండో డ్రమ్ములో నూట ఇరవై కేబులు ఇంకా మిగిలి ఉంది. బొగ్గు మీద నీళ్ళు చల్లే పంపు హౌసుకు లైను కావాల్సి వచ్చింది. డ్రమ్మును చూశారు, వేసేశారు. చిన్న పంపుకు ఇది చాలా ఎక్కువ అని కూడా అన్నారు. పంపు చిన్నదైనా షార్టు చిన్నది కాదు, అదే బోర్డు, అదే బ్రేకరు, అదే ఒక సెకను అని నేను చెప్పాను. “మీరు పోయినసారి కూడా ఇదే అన్నారు, తీరా చూస్తే తేమ,” అన్నాడు ఇన్‌ఛార్జి. మనస్ఫూర్తిగానే అన్నాడు. తను చెప్పించిన అబద్ధాన్ని ఈలోపు తనే నమ్మేశాడు.

పంపు హౌసు లైనుకూ జాయింటు వేసింది అతనే. ఒకనాడు పంపు దగ్గర పెట్టెలోకి నీళ్ళు దిగి షార్టయింది. పెట్టె మార్చి మళ్ళీ నడిపారు. ఆ తర్వాత జాయింటు పోయింది. అతని పాసు మళ్ళీ తీసుకున్నారు.

ఆ రోజే మా ఇంటికి వచ్చాడు. అన్నాళ్ళుగా మా గుమ్మం తొక్కనివాడు, లోపలికి రాకుండా మెట్టు మీద కూర్చున్నాడు. మా ఆవిడ టీ ఇచ్చి, “లోపలికి రండన్నయ్యా,” అన్నా కదల్లేదు.

“ఒక్కసారి వచ్చి ఆ లెక్క సెప్పవా బావా. ఈసారి నానేటీ అనను.”

వెళ్ళాను. అతని కోసమే వెళ్ళానంటే అబద్ధమవుతుంది. ఆ లెక్క చెప్పుకోవడానికి నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. ఈసారి చివర కుర్చీ కాదు, లాక్కుని పెద్దసారు ఎదురుగా కూర్చున్నాను. పందికొక్కు దగ్గర్నుంచి పంపు దాకా చెప్పాను. రిలే టైము ఎందుకు పెంచారో, పెంచితే వేడి ఎంత పెరుగుతుందో, పొర ఎందుకు ఊడుతుందో చెప్పాను. పెద్దసారు అడ్డు తగలకుండా విన్నాడు. ఇన్నేళ్ళలో నన్ను పూర్తిగా విన్నది ఆయనొక్కడే.

“అంటే మొదటిసారి కూడా జాయింటు బాగానే ఉందంటారు?”

“బాగానే ఉంది సార్.”

“మరి తేమ వెళ్ళిందని అతనే ఒప్పుకున్నాడు గదండీ, నా ముందే?” తలుపు వైపు తిరిగాడు. “ఏమయ్యా, ఒప్పుకున్నావా లేదా?”

“ఒప్పుకున్నాను సార్. అప్పుడలగ సెప్పమన్నారు, సెప్పినాను.”

“ఎవరు చెప్పమన్నారు?” అన్నాడు మా మేనేజరు. గొంతు పెంచలేదు, మామూలుగానే అడిగాడు.

జాయింటరు ఆయన్ని చూశాడు. నన్ను చూశాడు. ఒక పేరు చాలు. నేను తల ఊపాను, చెప్పమని. కానీ మా మేనేజరుకు ఇంకో మూడు యార్డుల్లో పనులున్నాయి. పాసులు రాయించేది ఆయనే.

“ఎవులూ లేరు సార్. నానే సెప్పినాను.”

“ఒకసారి తప్పు చేశానన్నవాడు,” అన్నాడు పెద్దసారు నాతో, “రెండోసారి చెయ్యలేదని మీరెలా చెప్తారు? మీ లెక్క కాగితం మీద బాగుంది. ఇతని మాట ఇతనే చెప్పాడు.”

పాసు తిరిగి రాలేదు. ఆ మూడు యార్డుల్లో కూడా రాలేదు. ఇప్పుడతను అపార్ట్‌మెంట్లలో ఇంటి వైరింగు చేస్తున్నాడు, ఫ్యాన్లు బిగిస్తున్నాడు.

ఆ రోజు గేటు బయటికి వచ్చి ఇద్దరం ఒకే బస్సెక్కాం. చాన్నాళ్ళ తర్వాత పక్కపక్కన కూర్చున్నాం. ఆ పూట ఏమీ అనకుండా ఉండాల్సింది అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఎందుకుండాలో నాకు తెలియదు.

“నేను ఆ రోజే చెప్పానా?” అన్నాను.

“సెప్పినావు.”

“అప్పుడే నిజం చెప్పి ఉంటే ఈ రోజు నీ మాటకు విలువుండేది.”

అతను కిటికీలోంచి చూస్తున్నాడు. “నువ్వన్నది నిజమే బావా. కేబులు సన్నమే. నాను ఒప్పుకుంతన్నాను. ఒక్కడైనా ఒప్పుకున్నాడు గదా. ఇంకేటి కావాల నీకు?”

“నువ్వు ఒప్పుకుంటే నాకేం లాభం? ఒప్పుకోవలసింది నువ్వు కాదు.”

అతను మా స్టాపుకు ముందు స్టాపులోనే లేచి దిగిపోయాడు.